సవరణ: తొలి మోటారు బస్సు తిరిగింది పల్లెదారిలోనే

పల్లె బస్సుల చరిత్ర మీద ఇంతకు ముందు రాసినప్పుడు, మోటారు బస్సు మొదట పెద్ద నగరాల్లో నడిచి ఆ తర్వాతే పల్లెలకు వచ్చిందన్నాను. అది తప్పు. దాదాపు తిరగేసి రాశాను.

పెట్రోలు ఇంజనుతో నడిచిన తొలి బస్సు సర్వీసు 1895 మార్చి 18న జర్మనీలో మొదలైంది. జీగెన్ పట్టణం నుంచి నెట్‌ఫెన్ మీదుగా డాయిట్స్ అనే చిన్న ఊరికి వెళ్లేది. బెంజ్ తయారుచేసిన ఆ బండికి ఉన్నది 5 హార్స్‌పవర్ ఇంజను. సుమారు 15 కిలోమీటర్ల దూరానికి గంటా ఇరవై నిమిషాలు పట్టేది. ఎత్తు ఎక్కలేక మొరాయిస్తే ప్రయాణికులే దిగి తొయ్యాల్సి వచ్చేదట. టికెట్ కొనుక్కుని మరీ! బండి తరచూ పాడవడంతో ఏడాది తిరక్కుండానే సర్వీసు ఆగిపోయింది. అందుకే కాబోలు చాలామంది, నాతో సహా, దాన్ని మర్చిపోయారు.

రైలు కంపెనీలు బస్సును పోటీగానే చూశాయని అప్పుడు నేను రాసిన మాట కూడా పూర్తిగా నిజం కాదు. ఇంగ్లండ్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1903 ఆగస్టు 17న హెల్‌స్టన్ నుంచి లిజార్డ్ పల్లెకు సొంతంగా బస్సు వేసింది. అక్కడిదాకా పట్టాలు వేయాలంటే ఖర్చు తడిసి మోపెడయ్యేది మరి.

స్విట్జర్లాండ్ పోస్టు బస్సుల్ని ఆ రాతలో అసలు ప్రస్తావించనే లేదు. 1906లో బెర్న్ నుంచి డెట్‌లిగెన్‌కు మొదలైన ఆ బస్సులు ఉత్తరాలనూ మనుషులనూ కలిపే మోసేవి.