గడ్డి రంగు సంగతి తర్వాత, ముందు నీళ్లు ఎటు పోతాయో చెప్పండి

ఆర్టిఫిషియల్ టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి వేయించుకోవాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఎప్పుడూ ఒకటే. "గడ్డి పోగు ఎత్తు 35 ఎం.ఎం. తీసుకోమంటారా, 40 తీసుకోమంటారా?" ఆ తర్వాత రంగు, మెత్తదనం, ఎన్నేళ్ల వారంటీ. వానలు దంచికొట్టే చోట, ఎప్పుడూ గాలిలో తేమ ఉండే చోట ఇవన్నీ ఆఖర్న తేల్చుకోవాల్సిన సంగతులు. ఆ స్థలంలో పడ్డ వాన ఏ దారిన బయటికి పోతుంది? ముందు దీనికి జవాబు కావాలి. అది లేకపోతే వేయించుకోవద్దనే చెబుతాను, ఎవరేమనుకున్నా సరే.

లెక్క చాలా సింపుల్. ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల స్థలంలో గంటకు 50 మి.మీ. చొప్పున కురిస్తే 5,000 లీటర్లు. మామూలు గడ్డి అయితే వేళ్లు పట్టిన మట్టి కొంత పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ గడ్డి చుక్క కూడా తాగదు, అడుగున ఉన్న చిల్లుల్లోంచి కిందికి వదిలేస్తుంది, అంతే. కేటలాగులో "నిమిషానికి ఇన్ని లీటర్లు దిగుతుంది" అని రాస్తారు చూడండి, అది ఆ గడ్డి చాపను విడిగా పెట్టి పరీక్షిస్తే వచ్చిన అంకె. దాని కింద బంకమట్టి ఉంటే ఆ అంకెకు విలువ లేదు. జల్లెడ కింద పళ్లెం పెట్టి, జల్లెడలో చిల్లులు ఎంత బాగున్నాయో చెప్పుకున్నట్టే.

అయినా ఎక్కువ చోట్ల జరిగే పని ఇదీ: పైన ఉన్న గడ్డి చెక్కేస్తారు, క్రషర్ డస్ట్ (రాతి పొడి) పోస్తారు, రోలర్ తిప్పుతారు, చాప పరుస్తారు, సాయంత్రానికల్లా వెళ్లిపోతారు. ఫొటోలో అద్భుతంగా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ఒక వానాకాలం గడిచాక అలాంటి చోట ఓ మూల పట్టుకుని పైకి లేపి చూడండి. డస్ట్ బురదై చాప వీపుకి అంటుకుని వస్తుంది. చిల్లులన్నీ దానితోనే పూడిపోయి ఉంటాయి. వేలితో గీస్తే నల్లటి జిగురు వస్తుంది, ముక్కిపోయిన వాసన కొడుతుంది. రబ్బరు పూత గోటికే పొడిపొడిగా రాలుతుంటుంది. పై నుంచి చూస్తే మాత్రం అప్పటికీ పచ్చగానే ఉంటుంది, అందుకే ఇంటివాళ్లకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఎండలు బాగా కాసే పొడి ప్రాంతాల్లో ఇలాంటి పని కొంతవరకు నడిచిపోతుంది. మిగిలిన తడిని ఎండ, గాలి లాగేస్తాయి. గాలే తేమతో బరువుగా ఉన్న చోట చాప కింద చేరిన నీళ్లు ఆరవు. వాటంతట అవే పల్లానికి జారి పోవాలి, వేరే దారి లేదు. ఈ గడ్డికి పేరొచ్చిందే 1966లో హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్‌లో, అంటే పైకప్పు ఉన్న స్టేడియంలో. అక్కడ వాన బాధ లేదు. బయట వేసుకునే మనకు కింద కట్టే పునాదే అసలు పని.

పునాదిలో అందరూ వదిలేసేది ఒకటుంది. వాటం, అంటే నీళ్లు జారిపోయే ఏటవాలు. పైన కంకరకు వాటం పెడతారు, అడుగున తవ్విన మట్టిని మాత్రం గుంటలు గుంటలుగా వదిలేస్తారు. నీళ్లు కంకరలోంచి దిగి ఆగేది ఆ మట్టి మీదే కదా! కాబట్టి తవ్వినప్పుడే, ఆ అడుగు మట్టికే, మీటరుకు 1 నుంచి 2 సెంటీమీటర్ల వాటం ఇంటి గోడకు దూరంగా పోయేలా పెట్టాలి. పల్లంగా ఉన్న అంచులో 100 ఎం.ఎం. వ్యాసం ఉన్న చిల్లుల పైపు, చిల్లులు కిందివైపు ఉండేలా, చుట్టూ కంకర, నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ. పైపు రెండో కొస ఎక్కడికి తెరుచుకుంటుందో కళ్లతో చూసి మరీ ఒప్పుకోండి. మట్టిలోనే ముగిసిపోయే పైపులు బోలెడు చూశాను, అడిగితే "ఇంకిపోతుంది సార్" అంటారు. బంకమట్టిలో ఎక్కడ ఇంకుతుంది?

మట్టి మీద కూడా ఆ గుడ్డ పరిస్తే బురద పైకి ఎక్కి కంకరను పూడ్చదు. దాని మీద 20 ఎం.ఎం. కోణాలున్న కంకర కనీసం 100 ఎం.ఎం. మందాన, పొరలు పొరలుగా కంపాక్టర్‌తో బిగించాలి. గుండ్రటి గులకరాళ్లు వద్దు, కాలు పడితే జరుగుతాయి. పైన పల్చగా 6 ఎం.ఎం. చిప్స్ (సన్న కంకర). డస్ట్ వేస్తే నున్నగా, గట్టిగా వస్తుందని పనివాళ్లు అంటారు, నిజమే, వస్తుంది. ఆ నున్నదనమే నీటికి అడ్డం. ఒకే సైజు కంకరలో ఖాళీ దాదాపు 35 నుంచి 40 శాతం ఉంటుంది, అంటే 100 ఎం.ఎం. పొర ఓ 35, 40 మి.మీ. వానను కాసేపు తనలో దాచుకుని మెల్లగా పైపుకు వదులుతుంది. డస్ట్ కలిపితే ఆ ఖాళీ పోయినట్టే.

చాప పరచకముందే, చిప్స్ మీద ఎత్తుగా ఉన్న మూలలో నీళ్ల పైపు వదిలేసి పల్లం వైపు వెళ్లి నిలబడండి. ఎక్కడైనా నీళ్లు నిలిచాయా, అడుగున పెట్టిన చిల్లుల పైపు కొస నుంచి వస్తున్నాయా? రాకపోతే ఆ రోజు చాప విప్పనివ్వకండి. మేస్త్రీకి కోపం వచ్చినా ఫర్వాలేదు.

చాప కొనేటప్పుడు వీపు పూత లేటెక్సా (రబ్బరు), పాలీయురేథేనా (ఒక రకం ప్లాస్టిక్) అడగండి. ఎప్పుడూ తడి ఉండే చోట రెండోదే నయం. జాయింట్లకు నీటి ఆధారిత గమ్ ఇలాంటి వాతావరణంలో సరిగ్గా ఆరదు. గడ్డి పోగుల మధ్య చల్లడానికి కడిగిన సిలికా ఇసుక చాలు. రబ్బరు గుళికలు వద్దు. పెద్ద వానకు తేలి కాలువల్లోకి పోతాయి, ఆ గుళికలు నేలలోకీ నీళ్లలోకీ చేరతాయి. ఈ బెడదకే యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసి, మైదానాల్లో చల్లే ఇలాంటి గుళికల అమ్మకాన్ని 2031 నుంచి ఆపేయబోతోంది.

టెర్రస్ మీద అయితే ముందు వాటర్‌ప్రూఫింగ్, తర్వాత కింద నీళ్లు కదిలేలా డ్రైనేజ్ షీట్, ఆ తర్వాతే చాప. వాన నీళ్ల గొట్టం నోటి మీద చాపను అతికించేస్తే శ్లాబు కారడం ఖాయం. అక్కడ ముక్క తీసి శుభ్రం చేసుకునేలా ఉంచమనండి.

డబ్బు మొత్తం పని అయిన రోజే ఇచ్చేయకండి. చివరి విడత మొదటి పెద్ద వాన తర్వాత అని ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ వాన ఆగిన గంటకు ఇద్దరూ కలిసి పైపు కొస దగ్గరికి వెళ్లి చూడండి, ఓ మూల లేపి చెయ్యి పెట్టి చూడండి. పని సరిగ్గా చేసినవాడు దీనికి అభ్యంతరం చెప్పడు.