గుప్పెడు బ్లీచింగ్, చివరికో గుంత: ఈ సలహా ఎందుకు తప్పు

నాగర్‌కర్నూలు జిల్లా సోమశిలకో, నల్గొండ జిల్లా వైజాగ్ కాలనీ దగ్గరి నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్‌కో టెంట్లతో వెళ్లేవాళ్ల మధ్య ఒక సలహా తిరుగుతోంది. "20 లీటర్ల పోర్టబుల్ టాయిలెట్ కొంటే నలుగురికి మూడు రోజులు వస్తుంది. ట్యాంకులో వేసే మందు దండగ, గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చాలు. వాల్వ్ బిగుసుకుంటే కొబ్బరినూనె రాయండి. నిండితే గుంత తీసి పోయండి, చెట్లకు ఎరువు." ఇందులో నిలబడే మాట ఒక్కటీ లేదు. రెండు మాటలైతే ప్రమాదం.

ఈ టాయిలెట్‌లో పైన ఫ్లష్ నీళ్ల ట్యాంకు, కింద మలమూత్రాలు చేరే ట్యాంకు, రెంటి మధ్య తెరిచి మూసే వాల్వ్ ఉంటాయి. ముందు లెక్క చూద్దాం. డబ్బా మీద రాసే ఫ్లష్‌ల సంఖ్య కాగితంతో తుడుచుకునేవాళ్లది. మనం నీళ్లతో కడుక్కుంటాం, కడిగిన ప్రతిసారీ అర లీటరు నుంచి లీటరు దాకా కింది ట్యాంకులోకే పోతుంది. మనిషికి మూత్రమే రోజుకు సుమారు లీటరున్నర. దానికి ఫ్లష్ నీళ్లు కలిపితే నలుగురున్న చోట 20 లీటర్లు ఒక రోజు దాటి కాస్త వస్తుందంతే. పైగా నిండిన ట్యాంకు 20 కిలోల పైమాటే, బండరాళ్ల మధ్య ఒక్కరు మోయలేరు. అందుకే 10, 12 లీటర్లదే మేలు. కడుక్కోవడానికి చిన్న మగ్గు పెట్టి, ముప్పాతిక నిండగానే ఖాళీ చేయాలి.

బ్లీచింగ్ మాట అన్నిటికన్నా చెడ్డది. మూత్రం నిలవ ఉంటే అమ్మోనియా పుడుతుంది. దానికి క్లోరిన్ తగిలితే కళ్లు మండించే, దగ్గు తెప్పించే క్లోరమిన్ వాయువులు వస్తాయి. అదే ట్యాంకులో ఎవరైనా ఆసిడ్ టాయిలెట్ క్లీనర్ పోస్తే క్లోరిన్ వాయువే లేస్తుంది. మూసిన చిన్న టెంటులో, వాల్వ్ తెరిచి ముఖం వంచేది సరిగ్గా దాని మీదికే. పిల్లలుంటే ఇంకా జాగ్రత్త. బ్లీచింగ్ వల్ల రబ్బరు సీలు కూడా గట్టిపడి లీకవుతుంది. చేయాల్సింది సులువు: ఖాళీ కింది ట్యాంకులో రెండు లీటర్ల నీళ్లు పోసి, ఫార్మాల్డిహైడ్ లేని టాయిలెట్ ద్రవం సీసా మీద రాసిన కొలతలో కలపాలి. తడి వైప్స్, ప్యాడ్లు లోపల వేయకూడదు. అవి కరగవు, వాల్వ్‌లో ఇరుక్కుంటాయి.

మన ఎండల్లో ఇంకో సంగతి. మూసిన కారులో ట్యాంకు వేడెక్కి లోపల ఒత్తిడి పెరుగుతుంది. కూర్చునే ముందు పైమూత వేసే ఉంచి వాల్వ్ కొంచెం తెరిచి గాలి వదలాలి, లేకుంటే చిమ్ముతుంది.

కొబ్బరినూనె జిడ్డుకు దుమ్ము పట్టి వాల్వ్ ఇంకా బిగుస్తుంది. వాజలిన్ రబ్బరును ఉబ్బిస్తుంది. సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు.

ఇక గుంత. పచ్చి మలం ఎరువు కాదు, అందులోని నులిపురుగుల గుడ్లు మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో చాలాచోట్ల మట్టి లోతు తక్కువ. కింద మొరం, ఆ కింద పగుళ్ల గ్రానైటు. బోర్లకు నీళ్లొచ్చేది ఆ పగుళ్ల నుంచే. ఒక మనిషి ఒక్కసారి జానెడు గుంతలో కూర్చుని మట్టి కప్పడం వేరు, ట్యాంకెడు ద్రవాన్ని ఒకే చోట కుమ్మరించడం వేరు. జలాశయం ఒడ్డున వేసవిలో తీసిన గుంత వరదలొచ్చాక నీళ్లలో మునుగుతుంది. సాగర్ నీళ్లు హైదరాబాదు తాగుతోంది. నల్లమల పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, వాగు ఇసుకలో చెలిమ తీసుకుని తాగేవాళ్లూ ఉన్నారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా బస చేయడమే కుదరదు, అక్కడ గుంత మాటే వద్దు.

ట్యాంకు మూత బిగించి వెనక్కి తేవాలి. సెప్టిక్ ట్యాంకున్న మరుగుదొడ్డిలో, యజమానిని అడిగి పోయాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. పోసే మూతిని మరుగుదొడ్డి వైపు పూర్తిగా వంచాకే ట్యాంకులోకి గాలి పంపే బటన్ నొక్కాలి, ముందే నొక్కితే ఒలుకుతుంది. తర్వాత రెండు మూడు లీటర్ల నీళ్లతో రెండుసార్లు కుదిపి కడగాలి. ఆ నీళ్లూ అదే మరుగుదొడ్డిలోకే. పై ట్యాంకునూ వంపేసి నీడన ఆరబెట్టి, వాల్వ్ తెరిచే దాచాలి. మూసి ఉంచితే సీలు అతుక్కుపోయి తర్వాతి ప్రయాణంలో చిరుగుతుంది.