ఇంటల్లుడి అన్‌సబ్‌స్క్రైబ్

మీ ఇంట్లో కుర్రాడెవరైనా గేమింగ్ ఛానెల్ పెడతానంటే మైకు కొనిపెట్టండి, లైటు కొనిపెట్టండి. చుట్టాలకి మాత్రం చెప్పనివ్వకండి.

మా అన్నయ్య కొడుకు చిన్నోడు భీమవరంలో బీటెక్ వెలగబెడుతూ, ఫోన్లో కాల్చుకునే బీజీఎంఐ ఆట ఆడి, తెలుగులో కామెంటరీ చెప్పి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. ఈ ఆటకీ మా వదినకీ పాత పగ. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించినప్పుడు మావుళ్లమ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టింది. 2021లో అది బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జులైలో దాన్నీ స్టోర్లలోంచి తీసేస్తే ఇంకో కాయ కొట్టింది. 2023 మేలో మళ్లీ తయారు. "ఇక అమ్మవారిని ఇబ్బంది పెట్టడం బాగోదు" అని ఆవిడే వెళ్లి కొడుకు ఛానెల్‌కి సబ్‌స్క్రైబ్ చేసింది.

యూట్యూబ్‌లో మొదటి మెట్టు ఎక్కాలంటే 500 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, 90 రోజుల్లో 3 వీడియోలు పెట్టాలి, ఏడాదిలో జనం మన వీడియోల్ని 3,000 గంటలు చూసి ఉండాలి. ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది, 4,000 గంటలు. షార్ట్స్ అనే చిట్టి వీడియోలకి వేరే లెక్క ఉంది, అవి చూసిన టైము ఈ గంటల్లోకి రాదు. దాంతో చిన్నోడు లైవ్‌ల మీద పడ్డాడు. సబ్‌స్క్రైబర్ల కోసం మా ఫ్యామిలీ గ్రూపు మీద పడ్డాడు.

మావాళ్లు పాపం సాయం చేద్దామనే చేశారు. పది నిమిషాల వీడియోని పది సెకన్లు చూసి, లైకు కొట్టి, "సూపర్ నాన్నా" అని పెట్టి కట్టేసేవారు. ఇదేదో జనం మొదట్లోనే లేచిపోతున్న వీడియో అనుకుని యూట్యూబ్ దాన్ని కొత్తవాళ్లకి చూపించడం మానేసింది. పైగా వాడు పెట్టుకున్న పేరేమో ముందు రెండు ఎక్స్‌లు, వెనక రెండు ఎక్స్‌లు, మధ్యలో ఎందుకో ఒక సున్నా. మా పిన్ని అది వెతకబోయి బ్రెజిల్ కుర్రాడెవరికో సబ్‌స్క్రైబ్ చేసి, ప్రతి వీడియో కింద "భోంచేశావా నాన్నా" అని అడుగుతూ వచ్చింది. అతను గుండె బొమ్మ పెడుతుంటే, మనవాడు కాస్త బక్కచిక్కాడు గానీ మర్యాద మర్చిపోలేదని మురిసిపోయేది.

అసలు దన్ను మా బావగారు. తణుకులో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో "ఈ క్రింది లింకు నొక్కి సబ్‌స్క్రైబ్ చేయవలెను" అని సర్క్యులర్ పంపారు. ఆయన చెబితే ఇప్పటికీ కాదనేవాడు లేడు. ఆ దెబ్బకి లెక్క 500 దాటింది.

ఆ ఆదివారం రాత్రి లైవ్. ఆట ఫోన్లో, ఫోన్ స్క్రీన్ ల్యాప్‌టాప్‌లో, అక్కణ్ణుంచి లోకానికి. అంటే, ఫోన్లో ఏం కనబడితే లోకానికి అదే. ఎరాంగెల్ మ్యాపులో వందమందితో మొదలైన ఆట ముగ్గురికి వచ్చింది. బయట ఉన్నవాణ్ణి చంపే జోన్ ముంచుకొస్తోంది. చిన్నోడు గడ్డిలో పాక్కుంటూ, గొంతు తగ్గించి, "ఫ్రెండ్స్, చికెన్ డిన్నర్ మనదే" అంటున్నాడు, అంటే గెలుపు మనదేనని. అప్పుడు పైనుంచి వీడియో కాల్ దిగింది. వాడు పేరైనా చూడకుండా "ఎవడ్రా ఈ టైములో!" అని అరిచి, తోసేయబోయి ఎత్తేశాడు.

గడ్డి పోయి, జోన్ పోయి, స్క్రీన్ నిండా బావగారు. అప్పుడే స్నానం చేసొచ్చినట్టున్నారు. మెడలో తువ్వాలు, నుదుట విభూతి, చొక్కా లేదు. ఫోన్ బొడ్డు దగ్గర పట్టుకోవడం ఆయన అలవాటు కాబట్టి ముందు బొజ్జ, దాని వెనకాల దూరంగా ముఖం. "ఏరా, లైవ్‌లో కనబడుతున్నావు, ఖాళీగా ఉన్నావేమో అని చేశా. మీ నాన్నని మోటారు సంగతి కనుక్కోమన్నాను, కనుక్కున్నాడా?" అన్నారు. వెనకాల ఎక్కడో చిన్నోడు చచ్చిపోయిన చప్పుడు వినిపించింది. ఆటలో.

చొక్కా సంగతి ఎలా ఉన్నా, ఆ "ఎవడ్రా" ఉంది చూశారూ, అది క్షమించేది కాదు. లైవ్ రికార్డింగ్‌లో ఆయనే రెండుసార్లు విని ఖాయం చేసుకున్నారు. పొద్దున్నే అన్ని గ్రూపుల్లోనూ రెండో సర్క్యులర్: "ఛానెల్ విషయమై గతంలో ఇచ్చిన సూచన ఇందుమూలముగా రద్దు చేయడమైనది." పదకొండు గంటలకల్లా లెక్క 471కి పడింది. పెళ్లిలో స్కూటరు కోసం అలిగినప్పుడు కూడా ఆయన ఇంత కట్టుదిట్టంగా అలగలేదు.

అన్నయ్యా, నేనూ, చిన్నోడూ ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని తణుకు వెళ్లాం. బావగారు పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని ఉన్నారు.

"ఆ వీడియో తీసెయ్యమనండి" అన్నారు పేపరుతో.

"తీసేస్తే ఆ గంటలన్నీ లెక్కలోంచి పోతాయి మావయ్యా. అందరూ అక్కడే మళ్లీ మళ్లీ చూస్తున్నారు" అన్నాడు చిన్నోడు. ఫోన్లో గ్రాఫు కూడా చూపించాడు. రెండు గంటలూ నేలబారుగా నడిచిన గీత, బావగారు వచ్చిన చోట నిట్టనిలువుగా లేచింది. పేపరు కొంచెం కిందకి దిగింది.

"పోనీ ముఖం మసక చేసేస్తాను. యూట్యూబ్‌లోనే ఆ వీలుంది."

"ముఖం మసక చెయ్యడానికి నేనేమన్నా చెయిన్లు తెంపానా?"

"ఆ ముక్క వరకూ కత్తిరించెయ్యమంటారా?"

దానికి ఆయన జవాబు చెప్పకముందే వంటింట్లోంచి అక్కయ్య కేక: "కత్తిరించకురా, మా వదినగారికి ఇంకా చూపించలేదు!"

చివరికి నేనే మధ్యవర్తిత్వం చేశాను. ముఖం ఉంటుంది, బొజ్జ మీద మసక వేస్తారు. "ఎవడ్రా" అన్న రెండు సెకన్లూ కత్తిరిస్తారు. వచ్చే లైవ్ మొదట్లో "మా మావయ్యగారికి నమస్కారం" అని చెప్పాలి. పేరుకి ముందు "విశ్రాంత ప్రధానోపాధ్యాయులు" అని తగిలించమని బావగారు సవరణ తెచ్చారు, ఏకగ్రీవంగా ఆమోదించాం.

మేం లేవబోతుంటే ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫోన్ తీసి, చిన్నోడికి కనబడేలా ఒక నొక్కు నొక్కారు. లెక్క 472 అయింది. వాడి ముఖం వెలగడం చూసి వెంటనే వేలు ఎత్తి ఆపారు.

"సబ్‌స్క్రైబ్ అయితే చేశాను. పక్కనున్న గంట బొమ్మ మాత్రం నొక్కలేదు. దాని సంగతి సంక్రాంతికి బట్టలు పెట్టినప్పుడు చూద్దాం."