ఆపితే ఆపుండ్రి గని, ముందుగాల చెప్పుండ్రి

పోయిన డిసెంబర్‌లో హనుమకొండ వెళ్ళినప్పుడు ఒక బస్తీలో నడిచే సాయంత్రం బడికి వెళ్ళాను. అమెరికాలో ఉంటున్న మేం కొందరు మిత్రులం పదేళ్ళుగా దానికి ఎంతో కొంత పంపుతున్నాం. రెండు అద్దె గదులు, ఇద్దరు టీచర్లు. మధ్యలో పిల్లలకు ఇన్ని గుడాలు (ఉడకబెట్టిన గింజలు) పెడతారు. ఇదివరకు నలభై మంది ఉండేవారు. ఈసారి డెబ్బై మంది దాకా ఉన్నారు, గదులు చాలక వరండాలో, మెట్ల మీద కూర్చున్నారు.

"పిల్లలు బాగా పెరిగారే చెల్లె" అన్నాను, బడి చూసుకునే ఆమెతో. నిజానికి నాకు సంతోషంగానే ఉంది.

"పెరగరా అన్నా? ప్రైవేటు ట్యూషన్లకు ఫీజులు కట్టలేక అందరు ఇటే పంపుతున్నరు" అంది.

ఆ తర్వాత చాయ్ తాగుతూ అసలు సంగతి చెప్పింది. ఒక టీచర్‌కు రెండు నెలల జీతం బాకీ. మా వైపు నుంచి రావలసిన డబ్బు రాలేదు. మాలో ముగ్గురికి ఉద్యోగాలు పోయాయి. పోయిన సంగతి ఒకరికొకరం చెప్పుకున్నాం గానీ, ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. "మీ కష్టం మీకుంటది, కాదంటలేను. ఆపితే ఆపుండ్రి గని, ముందుగాల చెప్పుండ్రి. మేం ఏదో ఒకటి జూసుకుంటం" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో.

మనం ఇచ్చే తీరులోనే ఒక లోపం ఉంది. మన బోనస్ పెరిగితే మన దానం పెరుగుతుంది, మన ఉద్యోగం ఊగితే అది ఊగుతుంది. అవతల అవసరం సరిగ్గా దీనికి తిరగబడి నడుస్తుంది. చేతిలో డబ్బు ఆడనప్పుడే జనం ఉచిత బడికి, ఉచిత భోజనానికి, ఉచిత మందులకు వస్తారు. డెబ్బై మంది పిల్లలు, జీతం లేని టీచర్: ఈ రెండూ ఒకే నెలలో ఎదురుపడటం యాదృచ్ఛికం కాదు.

ఊళ్ళో ఇచ్చేవాళ్ళ పరిస్థితీ అంతే. వరంగల్‌లో చందా పుస్తకం పట్టుకుని వెళ్తే మొదట తట్టే గుమ్మాలు విత్తనాల షాపులు, ఎరువుల షాపులు, బట్టల షాపులు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తికో మిర్చికో ధర పడిపోయిన ఏడాది రైతు ఉద్దెర తీర్చలేడు. ఉద్దెర వసూలు కాని షాపు యజమాని చందా పుస్తకం చూసి "సంక్రాంతి పోనీ, చూద్దాం" అంటాడు. రియల్ ఎస్టేట్ ఊపు మీదున్న రోజుల్లో వెంచర్ల వాళ్ళు నోటు పుస్తకాలు పంచేవారు, అట్ట మీద లేఅవుట్ ఫోటోతో సహా. ప్లాట్లు కదలకపోతే పుస్తకాలూ రావు. జీతగాళ్ళ సంగతి ఇంకోటి: కొత్త పన్ను విధానంలోకి మారినవారికి విరాళాల మీద పన్ను మినహాయింపు లేదు. ఆ రసీదు కోసమే ఇచ్చేవారు కొందరైనా తగ్గుతారు.

డబ్బు గురించే అందరం మాట్లాడతాం గానీ, కరువు రోజుల్లో ముందు తగ్గేది తీరిక. ఇదివరకు సరుకులు తెచ్చిపెట్టే ఆటో అన్న ఇప్పుడు రాత్రి పదింటి దాకా బండి నడుపుతున్నాడట. శనివారాలు లెక్కలు చెప్పే డిగ్రీ కుర్రాళ్ళిద్దరూ డెలివరీ పనిలో చేరారు. వాళ్ళు సేవ మానేయలేదు, వాళ్ళ సాయంత్రాలు అమ్ముడుపోయాయి, అంతే. ఆ ఖాళీని నింపాలంటే జీతమిచ్చి ఒకరిని పెట్టుకోవాలి. అంటే ఖర్చు ఇంకా పెరిగింది.

సరిగ్గా ఇక్కడే మనవాళ్ళు మొహం తిప్పుకుంటారు. "జీతాలకు, అద్దెలకు మేం ఇవ్వం. మా డబ్బు నేరుగా పిల్లలకే చేరాలి" అనే మాట ఇక్కడి మన ప్రవాస సంఘం సమావేశాల్లో ఎన్నిసార్లు విన్నానో. ఒకప్పుడు నేనూ అన్నాను. బ్యాగులు కొనిస్తాం, సైకిళ్ళు ఇస్తాం, గోడ మీద పేరు రాయించే గది కట్టిస్తాం. గది కట్టాక దాని కరెంటు బిల్లు ఎవరిదో మాత్రం అడగం. ఆ బడికి మనవాళ్ళే ఇచ్చిన కంప్యూటర్లు మూడున్నాయి. ఒక్కటే పనిచేస్తోంది, రిపేరుకు డబ్బుల్లేవు. పిల్లలకు నేరుగా చేరేది ఏదైనా ఉంటే అది ఆ టీచర్ చెప్పే పాఠమే కదా. ఆమెకు జీతం ఇవ్వకుండా పాఠం ఎలా చేరుతుంది?

2023 జూలై వరదలు గుర్తున్నాయా? భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిన రోజు, వరంగల్ కాలనీల్లో పడవలు తిరిగిన రోజు, మన వాట్సాప్ గ్రూపులు రాత్రంతా మోగాయి. గంటల్లో డబ్బు పోగైంది. తప్పకుండా చేయవలసిన పనే. కానీ ఉద్యోగాలు, ధరలు మెల్లగా కుంగిపోయే కష్టానికి ఫోటో ఉండదు. బాకీ పడ్డ జీతాన్ని ఎవరూ వీడియో తీసి పంపరు.

ఇక చట్టం. ఇది చాలామందికి తెలియక చిక్కుల్లో పడతారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదనను మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరుడైతే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. మన సంఘం ఖాతా నుంచి పంపినా అంతే. 2020 సవరణ తర్వాత, అనుమతి ఉన్న పెద్ద సంస్థ తీసుకుని చిన్న సంస్థకు అందించే దారి కూడా మూసుకుపోయింది. విదేశీ నిధుల్లో కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకుముందు 50 శాతం ఉండేది. రెండు గదుల బడికి ఆ అనుమతి ఎక్కణ్ణుంచి వస్తుంది? మా గుంపులో పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. ఒక్కొక్కరికీ పౌరసత్వం వచ్చినప్పుడల్లా లడ్డూలు పంచుకున్నాం, మా బడి ఒక్కో దాతను పోగొట్టుకుంది. ఉద్యోగాలు పోకముందే మేం తొమ్మిది మందిమి అయ్యాం. ఇప్పుడు ఆరుగురం.

కాబట్టి మనమే ఆధారం అనుకోవడం ఊరికీ మంచిది కాదు, మనకూ మంచిది కాదు. నిజాం పాలనలో, తెలుగు చదువుకే ఆదరణ లేని రోజుల్లో, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టినవారు డాలర్ల కోసం ఎదురుచూడలేదు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో మొదలైన రైతుల సహకార సంఘం ఇన్ని కరువులు దాటి నిలబడింది. అందులో సభ్యుడిదే డబ్బు, సభ్యుడిదే అజమాయిషీ. సాయంత్రం బడి వ్యాపారం కాదు, అది వడ్లు అమ్మి నిలబడలేదు, ఆ తేడా నాకు తెలుసు. అయినా ఇంటికి నెలకు ఇరవై రూపాయలు తల్లిదండ్రుల దగ్గర తీసుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. "అప్పుడే మొదలువెట్టినం అన్నా" అని నవ్వింది. ఆ డబ్బుతోనే గుడాలు వస్తున్నాయట.

మరి మన వంతు ఏమిటి? నా అభిప్రాయంలో తక్కువ ఇచ్చినా తప్పకుండా ఇవ్వడం. ఏడాదికోసారి వెయ్యి డాలర్లు ఇచ్చి మరిచిపోయే మనిషి కన్నా, మూడేళ్ళ పాటు నెలకు ఇరవై ఇస్తానని మాట ఇచ్చి నిలబెట్టుకునే మనిషి ఆ బడికి ఎక్కువ ఉపయోగం. అతని మాట మీద ఆమె టీచర్‌ను పెట్టుకోగలదు. బాగా వచ్చిన ఏడాది అంతా ఖర్చు చేయించకుండా, ఆరు నెలల జీతాలు పక్కన పెట్టుకోనిద్దాం. "డబ్బు మిగిలిందా? అయితే మీకు అవసరం లేనట్టే" అనే దాతలూ ఉన్నారు, వాళ్ళతో నేను పోట్లాడుతూనే ఉంటాను. ఉద్యోగం పోతే ఇవ్వలేం, అందులో సిగ్గేమీ లేదు. హెచ్1బీ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోవడానికో దేశం విడవడానికో మహా అయితే 60 రోజుల గడువే. ఆ టెన్షన్‌లో బడి గుర్తుండదు. అందుకే ఆ సంగతి తెలియజేసే బాధ్యత గుంపులో ఇంకొకరికి ముందే అప్పగించాలి. మా ఆరుగురిలో ఇప్పుడు ఆ పని నాది. ఎవరైనా ఆపితే మూడు నెలలు మిగతావాళ్ళం సర్దుతాం, ఆమెకు మాత్రం ఆ రోజే ఫోన్ వెళుతుంది.

టీచర్ బాకీ జనవరిలో తీరింది. వచ్చే నెల మన కార్యవర్గంలో ఒక ప్రతిపాదన పెడుతున్నాను: సంఘం సేవా నిధిలో సగం, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న మన ప్రాంతపు సంస్థల టీచర్ల, నర్సుల జీతాలకు మూడేళ్ళ పాటు కేటాయించాలని. డబ్బు ఎక్కడిదని అడుగుతారని తెలుసు. ఉగాది బ్యాంక్వెట్ హాలుకు ఇంకా అడ్వాన్స్ కట్టలేదని మన కోశాధికారి గారే నిన్న చెప్పారు.