పిరియస్ ఫెర్రీ గారికి ఒక ఫిర్యాదు

ఏజియన్ సముద్రంలో తిరిగే పెద్ద, తెల్లని, నిదానపు ఫెర్రీ గారికి,

విషయం: నా ఏకాంతాన్ని పాడుచేసినందుకు నష్టపరిహారం కోరుతూ.

నమస్కారమండీ. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. ఆగస్టు రెండోవారంలో మీ వెనక తలుపులోంచి ఎక్కిన వందలమందిలో, లారీకీ లారీకీ మధ్య బ్యాక్‌ప్యాక్‌తో బిక్కమొహం వేసుకుని నిలబడ్డదాన్ని నేను. డెక్ టికెట్టు, నక్సోస్ దీవి వరకు.

నేను గ్రీసు వచ్చింది ఒంటరిగా ఉండడానికి. ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి, నా కేసంతా దీనిమీదే నిలబడి ఉంది. హైదరాబాదులో ఆఫీసుకు వెళ్తే గోడల్లేని హాలు, ఇంటికొస్తే తలుపులు వేయనివ్వని కుటుంబం, రెండింటి మధ్య మెట్రోలో వాట్సాప్ గ్రూపులు. వీటినుంచి పారిపోవడానికి ఏడాది పొడుగునా సెలవులు కూడబెట్టాను. ఇన్‌స్టాగ్రామ్‌లో చూశాను కదా: తెల్లగౌను వేసుకున్న అమ్మాయి, వీపు మనవైపు, ఎదురుగా నీలి గుమ్మటం, కింద సముద్రం. చుట్టుపక్కల పిట్ట కూడా ఉండదు. ఆ ఫోటో తీసిన మనిషి కూడా లేడనిపించేంత ఏకాంతం. నాక్కావలసింది సరిగ్గా అది. "ఒక్కదానివే ఏం చేస్తావే అక్కడ?" అని అమ్మ అడిగితే "నన్ను నేను వెతుక్కుంటాను" అన్నాను. "ఇక్కడ ఎక్కడ పారేసుకున్నావు?" అంది.

ఇక మీరేం చేశారో రాస్తాను.

పొద్దున ఏడున్నరకి కదలాల్సినవారు కదల్లేదు. ఏథెన్స్‌వాళ్ల రేవు పిరియస్‌లో ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఆగస్టు 15 మరియమ్మ పండగ, ఏథెన్స్ సగం ఖాళీ అయి దీవులకు పోయే రోజులు. కార్లు, కుక్కలు, చంటిపిల్లలు, పెరుగు డబ్బాల లారీలు, అన్నీ మీ కడుపులోకే. ఓడ ఆలస్యమైతే జనం ఏం చేస్తారు? పక్కవాళ్లవైపు చూస్తారు. చూశాక కనుబొమలెగరేస్తారు. కనుబొమలెగరేశాక పలకరించక తప్పదు. ఇదంతా మీకు తెలిసే చేశారని నా ఆరోపణ.

నా పక్కన ఒక పెద్దావిడ ఉంది. నల్లబట్టలు, మూడు అట్టపెట్టెలు, ఒక టేబుల్ ఫ్యాను. ఫ్యానుకి పాతచీర లాంటి గుడ్డ చుట్టి తాడుతో కట్టారు. ఆవిడ రెండు వేళ్లు తన కళ్లవైపు చూపించి, తర్వాత ఫ్యానువైపు చూపించి, బాత్రూంకి వెళ్లిపోయింది. మన రైళ్లలో "కాస్త సామాను చూస్తుండమ్మా" అన్నంత తేలిగ్గా! ఆ ఫ్యానుకి నేను కాపలా. తిరిగి వచ్చాక నన్ను వెళ్లమని సైగ చేసి నా బ్యాగు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అక్కడితో అయిపోయింది నా ఏకాంతం. ఒకరి సామాను ఒకరం చూసుకున్నాక ఇంకా "మీరెవరు, నేనెవరు" అనడానికి ఎవరికైనా మొహం చెల్లుతుందా?

ఆవిడకి ఇంగ్లిష్ పది ముక్కలు, నాకు గ్రీకు రెండు ముక్కలు. ఆ పది ముక్కలూ ఆవిడ చాలా పొదుపుగా వాడింది. "అలోన్?" అంది. అవునన్నాను. "హస్బెండ్?" లేడన్నాను. "బేబీ?" అసలు హస్బెండే లేడన్నాను. కాసేపు ఆలోచించి "సాలరీ?" అంది. ఇవే ప్రశ్నల నుంచి తప్పించుకోవడానికి విమానం ఎక్కి వచ్చినదాన్ని నేను, గమనించగలరు.

పైడెక్కు మీద నీడ ఉన్న కుర్చీలు పట్టుకోవడం అందరికీ చేతకాదు. యాయాకి చేతనైంది (చుట్టూ అందరూ ఆవిణ్ని యాయా, అంటే అమ్మమ్మా, అని పిలుస్తున్నారు, నేనూ అదే మొదలుపెట్టాను). ఫ్యాను ఒక కుర్చీలో, అట్టపెట్టెలు మరో కుర్చీలో, మధ్యలో నేను. నాలుగో కుర్చీలోకి పోలండ్ నుంచి ఒంటరిగా వచ్చిన నర్సు అమ్మాయిని లాగి కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి కూడా ఎవరితోనూ మాట్లాడకూడదనే వచ్చిందట. మేమిద్దరం ఎవరితోనూ మాట్లాడకుండా ఉండడం ఎంత హాయో మధ్యాహ్నం దాకా మాట్లాడుకున్నాం.

ఇక్కడ చట్టం సంగతి. యూరోపియన్ యూనియన్‌లో ఓడ ప్రయాణికుల హక్కులకి 2010లో వచ్చిన 1177 నంబరు నిబంధన ఉంది, చదువుకునే రాస్తున్నాను. నాలుగు గంటలు దాటి ఎనిమిది గంటల్లోపు ఉండే ప్రయాణంలో రెండు గంటలు ఆలస్యంగా చేరిస్తే టికెట్టు ధరలో 25 శాతం వెనక్కి ఇవ్వాలి. మీరు రెండు గంటలు నిండకుండా చేర్చారు. ఎంత తెలివండీ! బయల్దేరడం గంటన్నరకి మించి ఆలస్యమైతే తినడానికీ తాగడానికీ ఏదైనా ఇవ్వాలని కూడా ఉంది. మీరు ఏమీ ఇవ్వలేదు. ఆ బాధ్యత యాయా తీసుకుంది. స్టీలు డబ్బా మూత తీస్తే ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన డోల్మాలు, నిమ్మరసం వాసన. శాకాహారినని చెప్పడానికి ఫోన్లో గ్రీకు వాక్యం వెతుకుతుంటే ఫోను పక్కకి తోసేసింది. ఆగస్టు 1 నుంచి 14 దాకా వాళ్లకి ఉపవాసాలు; మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ప్రపంచంలో ఇంకెక్కడా దొరకనంత నిశ్చింతగా తిన్నాను. మర్యాదకి నా కందిపొడి పొట్లం విప్పాను. యాయా వేలు ముంచి నాలిక్కి రాసుకుని, దగ్గి, కళ్లు తుడుచుకుని, పొట్లం మొత్తం తన సంచిలో వేసుకుంది. అడగలేదు. ఈ చోరీకి కూడా మీరే బాధ్యులు.

తర్వాత అమ్మ వీడియో కాల్. సిగ్నలు వస్తూ పోతూ ఉంది. ఫోను యాయా చేతికి ఎలా వెళ్లిందో నాకు తెలియదు. అమ్మ తెలుగులో, ఆవిడ గ్రీకులో. మధ్యలో నా అవసరం లేదని నిమిషంలో తేలిపోయింది. యాయా పాదాల దాకా ఉన్న గౌను కాస్త పైకి తీసి మోకాళ్లు చూపించింది, నల్లగా కాయలు కట్టి ఉన్నాయి. టినోస్ దీవి ఉన్నవైపు చెయ్యి చూపించి, శిలువ గుర్తు వేసుకుంది. ఆ దీవిలో రేవు దగ్గర్నుంచి కొండమీది మరియమ్మ గుడి దాకా భక్తులు మోకాళ్ల మీద పాక్కుంటూ ఎక్కుతారు. మోకాళ్లు చీరుకుపోకుండా రోడ్డు పక్కన కార్పెట్ పరిచి ఉంచుతారు. 1823లో అక్కడ భూమిలో దొరికిన పటానికి ఆ మొక్కు. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అమ్మకి మాత్రం మోకాళ్లు చూడగానే అర్థమైపోయింది. "మొక్కు తీర్చుకున్నారటే ఆవిడ. ఏం మొక్కో అడుగు" అంది. అడగలేదు. నేను ఏకాంతంలో ఉన్నాను.

పారోస్ దీవి దగ్గరకి వచ్చేసరికి డెక్కు మీద పెద్దవాళ్ల మాటలు తగ్గాయి. 2000 సెప్టెంబరు 26 రాత్రి ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఫెర్రీ అక్కడి రాళ్లకు కొట్టుకుని మునిగింది, ఎనభై మందికి పైగా పోయారు. పారోస్ జాలర్లు ఆ రాత్రి ఈదురుగాలిలోనే పడవలు వేసుకుని వెళ్లి చాలామందిని బయటికి లాగారు. యాయా ఆ రాళ్లవైపు తిరిగి శిలువ గుర్తు వేసుకుంది. కాబట్టి గాలి ఎక్కువైందని ఓడలు ఆపేస్తే గొణిగేవాళ్లతో నేను కలవను. దాని మీద నా ఫిర్యాదు వేరే ఉంది.

నక్సోస్ దిగడం గురించి రెండు మాటలు. మైకులో పిలవగానే అందరం కార్ల అంతస్తులోకి దిగాం. చీకటి, డీజిల్ వాసన, ఉక్క. మీరు ఇంకా వెనక్కి జరుగుతుండగానే ఆ పెద్ద తలుపు గొలుసుల చప్పుడుతో కిందికి వాలుతుంది. ముందు ఒక గీతంత వెలుతురు, తర్వాత తెల్లని ఇళ్లు, తర్వాత ఊరంతా. తోసుకోవడం, అరవడం, దిగేవాళ్లు దిగకముందే ఎక్కేవాళ్లు. ఫ్యానుని బంగాళాదుంపల లారీ డ్రైవరు భుజాన వేసుకున్నాడు, అట్టపెట్టెలు మేం ముగ్గురం పంచుకున్నాం. అందరూ కాలు కింద పెట్టారో లేదో మీరు తలుపు ఎత్తేసి పోయారు. అంతసేపు ఆలస్యం చేసినవారికి దింపడంలో మాత్రం ఎంత తొందరో!

అయినా నక్సోస్‌లో మనిషిని దింపేసి పోవడం మీ జాతికి కొత్త కాదు. గ్రీకు పురాణాల్లో థిసియస్ అనే వీరుడు తనను ప్రేమించిన అరియాడ్నేని ఈ దీవి ఒడ్డునే నిద్రపోతుండగా వదిలేసి తెరచాప ఎత్తాడని కదా కథ. ఆవిడ కూడా ఇక్కడ ఎక్కువసేపు ఒంటరిగా లేదు, డయోనిసస్ అనే దేవుడు వచ్చి పెళ్లి చేసుకున్నాడు. ఈ దీవి నీటినిండా అదే గుణం ఉన్నట్టుంది. రేవు పక్క గుట్టమీద అపోలో గుడి ద్వారం ఒకటే నిలబడి ఉంటుంది, గుడి లేదు. క్రీస్తుకు ముందు ఆరో శతాబ్దంలో మొదలుపెట్టి వదిలేశారు. మీ టైంటేబుల్ ఎక్కడినుంచి నేర్చుకున్నారో అర్థమైంది.

నేను అక్కడ దిగి చిన్న పడవ పట్టుకుని కూఫోనీసి అనే బుల్లి దీవికి పోవాలి. బుద్ధిగా బుక్ చేసుకున్న ఏకాంతం అక్కడుంది. పడవ లేదన్నారు. ఆకాశంలో మబ్బుతునక లేదు, ఎండ ఫెళఫెళలాడుతోంది, సముద్రం మాత్రం తెల్లగా నురగలు కక్కుతోంది. మెల్టెమి గాలి. జూలై, ఆగస్టుల్లో ఉత్తరాన్నించి ఇలా రోజుల తరబడి కొడుతుంది. గాలి జోరుని లెక్కగట్టే బొఫోర్ట్ కొలతలో 8 అంటే గంటకి 62 నుంచి 74 కిలోమీటర్లు. ఆ లెక్క వచ్చేసరికి రేవు అధికారులు పడవలని కట్టేయిస్తారు, చిన్నవాటిని అంతకంటే ముందే. కాఫీ కొట్టులో ముసలాళ్లు క్రికెట్ స్కోరు అడిగినట్టు "ఎంత బొఫోర్ట్?" అని అడుగుతుంటారు. ఈ గాలికి మన రుతుపవనాలతో చుట్టరికం ఉందని వాతావరణ శాస్త్రవేత్తలు అంటారు. ఆసియా మీద ఎండాకాలం ఏర్పడే అల్పపీడనం పశ్చిమాన టర్కీ దాకా సాగి ఈ గాలిని లాగుతుందట. అంటే ఇంటిదగ్గర అమ్మ బట్టలు ఆరనివ్వనిదీ ఇక్కడ నా పడవ ఆపిందీ ఒకే కుట్ర. బంధువులు ఎక్కడున్నా వదలరు.

మిగతాది మీరే ఊహించుకోండి. యాయా మనవడు కారు తెచ్చాడు. నన్నూ పోలండ్ అమ్మాయినీ ఎవరూ రమ్మని అడగలేదు. మా బ్యాగులు డిక్కీలో పెట్టేశారు, వాటి వెనకాల మేం వెళ్లాం. ఫిలోటి అనే ఊరు, సిక్లడీస్ అనే ఈ దీవుల గుంపులో అన్నిటికన్నా ఎత్తయిన జాస్ కొండ కింద. పదిహేను నాడు అక్కడ పెద్ద తిరణాల. చెట్టుకింద వయొలిన్, లౌతో అనే తీగల వాద్యం, తెల్లారేదాకా చేతులు చేతులు పట్టుకుని గుండ్రంగా డాన్సు. నాకు అడుగులు రావని చెప్పినా వరసలో ఇటు లారీ డ్రైవరు, అటు పోలండ్ నర్సు. ఊళ్లో చాలామందికి నా జీతం తెలుసు. కొత్త ఫ్యాను మా గదిలోనే పెట్టారు, యాయా పాతదాంతో సర్దుకుంది. దీనికి నేనెవరిని నిందించాలి?

పోల్చడం కోసం చెబుతాను, తర్వాత మీ పోటీదారు వేగపు పడవలో శాంటోరిని వెళ్లాను. ధర మీకంటే బాగా ఎక్కువ. నంబరు వేసిన సీటు, తెరవడానికి వీల్లేని కిటికీ, ఎదురుగా టీవీ, జేబులో వాంతి కవరు. టైముకి కదిలింది, టైముకి చేరింది. దారిలో ఒక్క మనిషి నాతో మాట్లాడలేదు. ఆ దీవిలో ఓయా అనే ఊళ్లో సూర్యాస్తమయం దగ్గర ఇంకా బ్రహ్మాండం. విహార నౌకల్లోంచి దిగేవాళ్లనే రోజుకి 8,000కి మించనివ్వకూడదని కట్టడి పెట్టుకున్న దీవి అది. మెట్లమీద, గోడలమీద, ఇళ్ల కప్పులమీద జనం. అంతమందిలో నా మొహం ఒక్కరూ చూడలేదు, అందరూ ఫోన్లోంచి సూర్యుణ్ని చూస్తున్నారు. నేనూ వీపు తిప్పి ఫోటో దిగాను. తీసిపెట్టినాయన ఫోను చేతిలో పెట్టి థాంక్యూ కూడా వినకుండా వెళ్లిపోయాడు. డబ్బు కట్టింది దీనికే. శాంటోరిని మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. రెండోరోజే యాయాకి ఫోన్ చేసింది కేవలం కందిపొడి ఎండలో పెట్టొద్దని చెప్పడానికి.

ఇక అన్నిటికన్నా పెద్ద నష్టం. యూరప్ దేశాల ఉమ్మడి వీసా, షెంజెన్ వీసా, దాని ఫారంలో ఒక గడి ఉంటుంది: ఆ దేశంలో మిమ్మల్ని ఆహ్వానిస్తున్న వ్యక్తి పేరు, లేదా హోటల్ పేరు. ఈసారి హోటల్ పేరు రాసి చక్కగా బయటపడ్డాను. వచ్చే ఆగస్టుకి హోటల్ మాట ఎత్తితే ఊరుకోనని యాయా అంటోంది, తన పేరే రాయాలట. అమ్మ కూడా వస్తోందట. ఆ సంగతి వాళ్లిద్దరే వీడియో కాల్లో తేల్చుకున్నారు, నాకు చెప్పింది పోలండ్ అమ్మాయి. మనిషికి 90 యూరోల ఫీజు, 30,000 యూరోలకు తగ్గకుండా ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అన్నీ ఇప్పుడు రెండింతలు. కౌంటర్లో "ఈవిడ మీకెలా పరిచయం?" అని అడిగితే నేనేం చెప్పాలి? ఫ్యానుకి కాపలా ఉన్నానని చెబితే వీసా ఇస్తారా?

కాబట్టి డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం. ముందు ఆరోజు పొద్దున పిరియస్ నుంచి ఎంత ఆలస్యంగా కదిలారో ధ్రువీకరిస్తూ ఒక లెటరు పంపండి. స్టాంపు తప్పనిసరి. దరఖాస్తుకి జతచేయాలి.

ఇట్లు,
డెక్ టికెట్టు ప్రయాణికురాలు, హైదరాబాదు