హీలింగ్ బ్రష్ గారికి ఒక స్టూడియోవాడి విన్నపం

ఫొటోల్లో మొటిమలూ మచ్చలూ మాయం చేసే కంప్యూటర్ కుంచె, మహారాజశ్రీ హీలింగ్ బ్రష్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఇక్కడ రాత్రి రెండున్నర దాటింది. పొద్దున పదింటికల్లా పెళ్లి ఆల్బమ్ ప్రింటింగ్‌కి వెళ్లాలి. పెళ్లికూతురి గడ్డం మీద మొటిమ మాత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి క్షేమంగా ఉన్నది మీరూ, ఆ మొటిమా.

మీ వంశం గొప్పదే, కాదనను. మూలపురుషులు 2002లో ఫొటోషాప్ 7లో అవతరించారు. ఆల్ట్ కీ కూడా అడగని మీ తమ్ముడు స్పాట్ హీలింగ్, 2005లో ఫొటోషాప్ సీఎస్2తో వచ్చాడు. ఇప్పుడు ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచినా మీ చుట్టాలే. నా సిస్టమ్‌లో కాపురమున్నది ఏ శాఖవారో మాత్రం బయటపెట్టను. ఎంతైనా ఒకే టేబుల్ మీద బతుకుతున్నాం.

మీ పనితనానికీ వంక పెట్టను. క్లోన్ స్టాంపు గారు ఒక చోటిది ఇంకో చోట ఉన్నదున్నట్టు దించేస్తారు. మీరలా కాదు, నుదుటి మీది చర్మం తీరు తెచ్చి, గడ్డం మీది రంగు, వెలుతురు కలిపి, అతుకు తెలియకుండా వియ్యం కుదురుస్తారు. అలిగినప్పుడు ఎందుకు అలిగారో చెప్పకపోవడమే మీతో వచ్చిన చిక్కు. ఎక్కడి చర్మం తేవాలో, అంటే సోర్స్ ఏదో, ఆల్ట్ నొక్కి చూపించకపోతే ఒక డబ్బా తెరిచి తిడతారు. ఆ తిట్టే నయం. మిగతా అలకలన్నీ మౌనంగానే.

మొదటి అలక గుర్తుందా? గుండ్రంగా ఉండాల్సిన మీరు ప్లస్ గుర్తై కూర్చున్నారు. సైజు పెంచానో తగ్గించానో కంటికి ఆనలేదు. మొటిమ మీద నొక్కితే సగం పెదవి చెరిగింది. అన్‌డూ, మళ్లీ అన్‌డూ. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిచి, టీ పెట్టుకొని వచ్చాక చూస్తే కీబోర్డు మీద క్యాప్స్ లాక్ దీపం దేదీప్యమానంగా వెలుగుతోంది. అది వెలిగితే మీరు ప్లస్ గుర్తైపోతారన్నమాట. ఆల్బమ్ అట్ట మీద వధూవరుల పేర్లు పెద్దక్షరాల్లో కొట్టింది నేనే లెండి.

తర్వాత బుద్ధిమంతుడిలా ఫొటో మీద కొత్త లేయర్, అంటే ఖాళీ పొర వేశాను, అసలు ఫొటో పాడవకూడదని. గంటసేపు రుద్దాను. ఏమీ జరగలేదు. పైన శాంపిల్ దగ్గర 'కరెంట్ లేయర్' అని ఉంది. అంటే ఖాళీ లేయర్‌లోంచి ఖాళీని తోడి, ఖాళీలో పోస్తున్నారన్నమాట! 'కరెంట్ అండ్ బిలో' అని మార్చాక గానీ మీకు కింద ఒక పెళ్లికూతురు ఉందని తెలియలేదు.

అసలు టెన్షన్ ఆ తర్వాతది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా బ్రష్ పడదు. ముందు మౌస్‌ని అనుమానించాను. మధ్యాహ్నం సిస్టమ్ ముట్టుకున్న మా కుర్రాణ్ణి కూడా అనుమానించి, ఫోన్ చేసి నిద్ర లేపాను. "అన్నా, సెలెక్షన్ ఏమన్నా ఉందేమో" అని వాడు ఆవలిస్తూ అన్నాడు. నిజమే. సాయంత్రం పెళ్లికొడుకు దండ చుట్టూ సెలెక్షన్ చేసి, అంటే పని దాటకూడని హద్దు గీసి, ఆ చుక్కల గీత చీమల బారులా కళ్ల ముందు కదులుతుంటే చిరాకేసి కంట్రోల్ హెచ్‌తో దాచాను. చీమలు కనబడటం మానేశాయి గానీ కాపలా మానలేదు. దండ దాటి ఒక్క పిక్సెల్ ముట్టనివ్వలేదు. కంట్రోల్ డి నొక్కగానే ఏ పాపం ఎరగనట్టు పని మొదలెట్టారు. "సెలెక్షన్ బయట ఉన్నావు నాయనా" అని ఒక్క ముక్క అంటే మీ సొమ్మేం పోయేది?

మా నాన్న నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసేవాడు. పెన్సిల్ ముక్కు విరిగితే విరిగినట్టు కనబడేది. చెక్కుకునేవాడు.

ఇక 'అలైన్డ్' టిక్ సంగతి. అది ఉంటే బ్రష్ ఎటు పోతే సోర్స్ అటు పోతుంది. నుదుటి మీద ఆల్ట్ నొక్కి, గడ్డం సరిచేసి, అదే ఊపులో ఇంకాస్త కిందికి మెడ మీదికి దిగాను. మీరేమో పైన నుదురు దిగి కనుబొమ్మ మీదికి వెళ్లారు. మెడ మీద చర్మం రంగులో కనుబొమ్మ మొలిచింది. చెవి దగ్గర జుట్టును ఆనుకుని ఉన్న మచ్చను తీయమంటే, జుట్టు నలుపు లాక్కొచ్చి మసి పూశారు. అంచుల దగ్గర మీరు పనికిరారని అప్పుడు ఒప్పుకొని, ఆ ఒక్క చోటా క్లోన్ స్టాంపు గారి కాళ్లు పట్టుకున్నాను.

ఈ ఉత్తరం ఇక్కడిదాకా రాసేసరికి ఓపిక నశించి, మిగిలిన 60 ఫొటోలు మీ తమ్ముడికి అప్పగించాను. వాడు నల్లగా కనబడిందల్లా నొక్కమంటే నొక్కాడు. తెల్లారేసరికి పూర్తయింది. వాట్సాప్‌లో పంపాను. ఏడింటికి పెళ్లికూతురి తల్లి ఫోన్.

"అంతా బాగుంది బాబూ. పిల్ల బుగ్గచుక్క ఏది?"

మామూలు బ్రష్ తీసుకుని, నలుపు రంగు పెట్టి, 60 బుగ్గల మీద 60 చుక్కలు పెట్టాను. ఒక్కటీ మొరాయించలేదు.

ఇట్లు,
తమరి నమ్మకమైన మౌస్ చేయి