అడిగితే ఎవరూ కాదనరు
బయటి దేశంలో ఉన్నప్పుడు అక్కడి పండగ ఊరేగింపుని పక్కన నిలబడి చూడ్డమే మర్యాద, లోపలికి వెళ్తే వాళ్ళకి ఇబ్బంది అని ఒకరు రాశారు, నేనైతే అస్సలు ఒప్పుకోను. మేం జర్మనీలో కొలోన్‌లో ఉంటాం, ఇక్కడి కార్నివాల్ (వేషాలేసుకుని ఊరేగే పండగ) అంటే అందరికీ 1823లో మొదలైన సోమవారం పెద్ద పరేడే తెలుసు, కానీ ముందురోజు ఆదివారం స్కూళ్ళవాళ్ళు, పేటలవాళ్ళు కలిసి నడిచేది ఇంకోటుంది. మా పాప స్కూల్లో తల్లిదండ్రులు కూడా రావచ్చన్నారు, రెండేళ్ళు మొహమాటపడి మూడో ఏడు పేరిచ్చా. నెల ముందు నుంచే సాయంత్రాలు కూర్చుని డ్రెస్సులు కుట్టాం, నాకు జర్మన్ అంతంతమాత్రమే, అయినా గుండీలు కుట్టడానికి భాషెందుకు, సగంమంది ఆ టేబుల్ దగ్గరే పరిచయమయ్యారు. ఆ రోజు భుజానికి సంచీ నిండా చాక్లెట్లు, అటూ ఇటూ జనం "కామెల్లే" (మిఠాయిలు) అని అరుస్తుంటే గుప్పెళ్ళతో విసరడమే, కొందరైతే గొడుగులు తిరగేసి పట్టుకుంటారు. వీల్‌చెయిర్లో ఒక పెద్దావిడ ఉంది, విసిరితే అందవని దగ్గరికెళ్ళి చేతిలో పెట్టా, చెయ్యి వదలకుండా "అలాఫ్" అంది, నేనూ "అలాఫ్" అన్నా, గొంతు పూడుకుపోయింది. (అది ఈ ఊరి కార్నివాల్ పలకరింపు, పక్కన డ్యూసెల్‌డార్ఫ్‌లో "హెలావ్" అంటారు, ఇక్కడ పొరపాటున కూడా అనకండి.) చెప్పాపెట్టకుండా మధ్యలో దూరడం తప్పే, గుంపులన్నీ ముందే పేర్లిచ్చుకుంటాయి కాబట్టి. కానీ అడిగితే వద్దన్నవాళ్ళని నేనింతవరకు చూళ్ళేదు, ఈ ఏడు కూడా మా పాపా నేనూ నడుస్తున్నాం.